దవడపంటి వేళ్లలో కనిపించని కాలువలు: చికిత్సకు దారి చూపుతున్న దంత చిత్రణ

(ప్రత్యేక వ్యాసం)

"పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేమి" అన్న సామెత తెలుగునాట అందరూ ఎరిగినదే. ఊడగొట్టుకోవడానికి ఏ రాయి అయినా సరిపోవచ్చు గాని, దెబ్బతిన్న పన్నును నిలుపుకోవడానికి మాత్రం ఏ చిత్రమైనా సరిపోదని దంత వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆహారాన్ని నమిలే దవడపళ్ల విషయంలో ఈ మాట ప్రత్యేకించి వర్తిస్తుంది. దవడపంటి వేళ్ల లోపల సన్నని కాలువలు ఎన్ని ఉన్నవి, అవి ఏ దిశగా సాగినవి, ఎక్కడ చీలి ఎక్కడ కలిసినవి అన్న సంగతి బయటి నుంచి చూచి చెప్పడం ఎంతటి అనుభవజ్ఞునికైనా సాధ్యం కాదు.

పుచ్చిన పన్నును తీసివేయకుండా కాపాడే "రూట్ కెనాల్" చికిత్స నేడు పట్టణాలలోనే గాక మండల కేంద్రాలలో సైతం సామాన్యులకు పరిచయమైనది. అయితే చికిత్స పూర్తయి, పంటిపై తొడుగు కూడ వేయించుకున్న తరువాత కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరాలకో అదే పన్ను తిరిగి నొప్పి పెట్టడం, చిగురు వాచి చీము పట్టడం కొందరి విషయంలో జరుగుతున్నది. అప్పుడు రోగి వైద్యుణ్ణి నిందించడం, లేదా "పన్ను తీయించుకున్నా పోయేది" అని నిరాశ చెందడం సహజం. ఇందుకు కారణాలు అనేకం ఉన్నప్పటికీ, దవడపళ్ల విషయంలో ముఖ్యమైన కారణాలలో ఒకటి మొదటి చికిత్సలో కంటబడకుండా మిగిలిపోయిన కాలువ. ఈ కాలువలను కనుగొనడంలో ఎక్స్-రే మొదలుకొని త్రిపరిమాణ చిత్రణ వరకు గల పరికరాలు ఏ మేరకు తోడ్పడుతున్నవి, వాటిని ఎప్పుడు వాడవలెను, ఎప్పుడు వాడరాదు అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దవడపంటి నిర్మాణం

మానవుని నోటిలోని 32 శాశ్వత దంతాలలో జ్ఞానదంతాలతో కలిపి 12 దవడపళ్లు ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో వీటిని చర్వణకాలని వ్యవహరిస్తారు. వీటిలో మొదటి శాశ్వత దవడపన్ను సుమారు ఆరేళ్ల వయస్సులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనుక మొలుస్తుంది. అందువల్లనే దానిని కూడ పాలపన్నుగా భావించి, పుచ్చినా మళ్లీ వస్తుందిలే అని ఉపేక్షించే తల్లిదండ్రులు ఉన్నారు. నిజానికి అది ఒకసారి పోతే తిరిగి రాని పన్ను. నోటిలోని శాశ్వత దంతాలలో ముందుగా వచ్చి, ఎక్కువ కాలం నమిలే పని చేసి, తరచుగా పుచ్చిపోయేది కూడ అదే. అది పోయిన చోట ఇరుపక్కల పళ్లు ఒరగడం, ఎదుటి దవడలోని పన్ను ఆ ఖాళీలోకి సాగడం జరుగుతుంది.

పంటికి పైపొర ఎనామిల్. దాని అడుగున డెంటిన్. నడుమ నరాలు, రక్తనాళాలతో కూడిన మెత్తని దంతమజ్జ. ఈ దంతమజ్జ పంటి పైభాగంలో ఒక చిన్న గదిలో ఉంటుంది. ఆ గది అడుగుభాగంలో గల సూక్ష్మ రంధ్రాల నుంచి సన్నని కాలువలు వేళ్ల కొసల వరకు సాగుతాయి. పుచ్చు లోతుగా దిగి సూక్ష్మజీవులు దంతమజ్జను చేరినప్పుడు భరింపరాని నొప్పి కలుగుతుంది. దంతమజ్జ చనిపోయిన పిదప సూక్ష్మజీవులు కాలువల ద్వారా వేరు కొసను చేరి, దవడ ఎముకలో వాపును, చీమును కలిగిస్తాయి.

చికిత్సా విధానం చెప్పుకోవడానికి సులభమే. పంటికి పైనుంచి ద్వారం చేసి, కాలువలన్నిటినీ గుర్తించి, సన్నని ఆకురాయి సూదులతో శుభ్రపరచి, సోడియం హైపోక్లోరైట్ వంటి క్రిమిసంహారక ద్రవంతో కడిగి, గట్టాపెర్చా అనే పదార్థంతో మూసివేయవలసి ఉంటుంది. ఈ సూదులలో 10వ నంబరు సూది కొన మందం ఒక మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే. ఇంత సన్నని దారులలో ఒక్కటి కంటబడకపోయినా అందులో సూక్ష్మజీవులు మిగిలిపోతాయి. మిగతా కాలువలను ఎంత శ్రద్ధగా మూసినప్పటికీ ఆ ఒక్క దారి తెరిచి ఉన్నట్లే.

సాధారణంగా కింది దవడలోని మొదటి దవడపంటికి రెండు వేళ్లు ఉంటాయి. ముందు వేరులో రెండు, వెనుక వేరులో ఒకటి లేదా రెండు కాలువలు ఉంటాయి. పై దవడలోని మొదటి దవడపంటికి మూడు వేళ్లు. అవి బుగ్గ వైపు ముందు వేరు, బుగ్గ వైపు వెనుక వేరు, అంగిలి వైపు వేరు. వేళ్లు మూడు గనుక కాలువలు కూడ మూడే అని ఎవరైనా భావిస్తారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. బుగ్గ వైపు ముందు వేరు ఒక పక్క నుంచి మరొక పక్కకు వెడల్పుగా ఉండి, అందులో తరచుగా రెండవ కాలువ ఉంటుంది. దంత వైద్యులు దీనిని "ఎంబీ-2" అని వ్యవహరిస్తారు. దాని ముఖద్వారం సన్నగా ఉండటమే గాక డెంటిన్ పొర చాటున దాగి ఉండటం వల్ల, పంటిని తెరిచిన తరువాత కూడ అది తేలికగా కానరాదు.

శతాబ్ద కాలపు అన్వేషణ

కాలువల నిర్మాణం ఇంత జటిలమైనదన్న సంగతి కొత్తగా వెల్లడైనది కాదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌కు చెందిన వాల్టర్ హెస్, ఊడదీసిన పళ్ల కాలువలలోకి రబ్బరును ఎక్కించి, గట్టిపరచి, చుట్టూ ఉన్న పంటిని కరిగించి, కాలువల అచ్చులను తయారు చేశారు. 1925లో ఆంగ్లంలో వెలువడిన ఆయన గ్రంథంలోని చిత్రాలు, పంటి లోపలి భాగం చక్కని గొట్టం వంటిది కాదనీ, కొమ్మలు, రెమ్మలు, అడ్డదారులతో కూడిన వ్యవస్థ అనీ నిరూపించాయి.

1969లో అమెరికాకు చెందిన వైన్, ఆయన సహచరులు 208 పై దవడ మొదటి దవడపళ్లను కోసి పరిశీలించగా, బుగ్గ వైపు ముందు వేరులో ఒకే కాలువ ఉన్నవి 48.5 శాతం మాత్రమేనని తేలింది. మిగిలిన సగానికి పైగా పళ్లలో రెండవ కాలువ ఏదో ఒక రూపంలో ఉన్నట్లు గుర్తించారు. 1984లో వెర్టూచి 2,400 శాశ్వత దంతాలకు రంగు ఎక్కించి, పంటిని పారదర్శకంగా మార్చి పరిశీలించిన ఫలితాలను ప్రకటించారు. కాలువలు చీలే, కలిసే తీరును బట్టి ఆయన రూపొందించిన ఎనిమిది రకాల వర్గీకరణను దంత వైద్య విద్యార్థులు నేటికీ అభ్యసిస్తున్నారు. 1990లో కులిల్డ్, పీటర్స్ సూక్ష్మదర్శిని సాయంతో 83 పై దవడ దవడపళ్లను పరిశీలించగా 95.2 శాతం పళ్లలో రెండవ కాలువ కనిపించింది.

వైన్ లెక్కకు, ఈ లెక్కకు మధ్య గల వ్యత్యాసానికి పళ్లు మారడం ఒక్కటే కారణం కాదు. చూసే విధానం మారింది. ఎంత నిశితంగా చూస్తే అన్ని ఎక్కువ కాలువలు బయటపడతాయన్నది ఈ పరిశోధనలన్నిటి సారాంశంగా పేర్కొనవచ్చు. అయితే ఇవన్నీ ఊడదీసిన పళ్లపై జరిగినవి. నోటిలో ఉన్న పన్నును కోసి చూడటం సాధ్యం కాదు గనుక వైద్యునికి చిత్రమే ఆధారం.

ఎక్స్-రే: మేలు, పరిమితి

జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్-కిరణాలను కనుగొన్న సంగతి విదితమే. ఆ వార్త వెలువడిన కొద్ది రోజులకే, 1896 జనవరిలో, జర్మనీకి చెందిన దంత వైద్యుడు ఒట్టో వాల్కాఫ్ తన పళ్లనే చిత్రించుకున్నారు. ఆ ఒక్క చిత్రానికి ఆయన 25 నిమిషాల పాటు కదలకుండా ఉండవలసి వచ్చింది. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌కు చెందిన ఎడ్మండ్ కెల్స్ 1899లో కాలువలో సన్నని లోహపు తీగను ఉంచి, ఎక్స్-రే ద్వారా వేరు పొడవును అంచనా వేశారు. వేరు కాలువల చికిత్సలో చిత్రణకు అది నాంది అని చెప్పవచ్చు. ఆ కాలంలో కిరణాల హాని తెలియనందున కెల్స్ చేతికి క్యాన్సర్ సోకి, అనేక శస్త్రచికిత్సల పాలై, చేయి కోల్పోయి 1928లో మరణించారు. చిత్రణ వల్ల కలిగే మేలును, దాని విషయంలో పాటించవలసిన జాగ్రత్తను ఈ ఒక్క జీవితమే తెలియజేస్తున్నది.

నేడు దంత వైద్యశాలలలో తీసే చిన్న ఎక్స్-రే, 1987లో ప్రవేశించిన డిజిటల్ పద్ధతి వల్ల క్షణాలలో తెరపై కనిపిస్తున్నది. దీనికి ఖర్చు తక్కువ, రేడియేషన్ కూడ అత్యల్పం. పుచ్చు లోతు, వేరు పొడవు, వేరు కొస వద్ద ఎముక దెబ్బతిన్న తీరు ఇందులో తెలుస్తాయి. అందువల్ల ఏ చికిత్సకైనా మొదటి మెట్టు ఇదే.

అయితే ఎక్స్-రే చిత్రం వాస్తవానికి ఒక నీడ. దీపానికి ఎదురుగా ఒకరి వెనుక ఒకరు నిలబడిన ఇద్దరి నీడ గోడపై ఒక్కటిగానే పడుతుంది. బుగ్గ వైపు నుంచి ప్రసరించే కిరణాల దారిలో మొదటి కాలువ వెనుకనే ఎంబీ-2 ఉండటం వల్ల రెండింటి నీడ ఒకటై, ఒకే కాలువ ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ఇది చాలదన్నట్లు, పై దవడ వెనుక భాగంలో చెంప ఎముక నీడ కూడ వేళ్లపై పడి చిత్రాన్ని మసకబారుస్తుంది.

దీనికి శతాబ్దం నాటి ఉపాయం ఒకటి ఉన్నది. దీపాన్ని కొంచెం పక్కకు జరిపితే రెండు నీడలు విడివడతాయి. అదే విధంగా ఎక్స్-రే గొట్టాన్ని సుమారు 20 డిగ్రీలు పక్కకు జరిపి రెండవ చిత్రం తీసినట్లయితే, ఒకదాని వెనుక ఒకటి ఉన్న కాలువలు వేరు వేరుగా కనిపిస్తాయి. గొట్టం జరిగిన దిశలోనే జరిగినట్లు కనిపించేది నాలుక లేదా అంగిలి వైపున ఉన్నది. ఎదురు దిశలో జరిగినట్లు కనిపించేది బుగ్గ వైపున ఉన్నది. క్లార్క్ పేరిట ప్రసిద్ధి చెందిన ఈ సూత్రానికి కొత్త యంత్రం గాని, ప్రత్యేక వ్యయం గాని అవసరం లేదు. కావలసినదల్లా రెండవ చిత్రం తీసే ఓపిక, దానిని చదివే నేర్పు. చిన్న ఆసుపత్రులలో ఈ ఒక్క అలవాటు వల్లనే కొన్ని కాలువలు వైద్యుని దృష్టికి వస్తాయి.

త్రిపరిమాణ చిత్రణ

లండన్‌లో 1971 అక్టోబరు 1న తొలిసారిగా రోగి మెదడును సీటీ స్కాన్ ద్వారా చిత్రించారు. ఆ సాంకేతిక విజ్ఞానాన్ని పళ్లకు అన్వయించే ప్రయత్నాలు 1990 నాటికే జరిగినప్పటికీ, యంత్రం పరిమాణం, వ్యయం, రేడియేషన్ మోతాదు అడ్డంకులైనాయి. 1998లో ఇటలీలోను, ఆ వెంటనే 1999లో జపాన్‌లోను పరిశోధకులు దంత అవసరాలకు అనువైన "కోన్ బీమ్ సీటీ" యంత్రాలను గురించి ప్రకటించడంతో ఈ రంగంలో కొత్త అధ్యాయం ప్రారంభమైనది. దీనినే క్లుప్తంగా సీబీసీటీ అంటారు.

ఈ యంత్రంలో శంఖువు ఆకారంలో వెలువడే కిరణపుంజం రోగి తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది. నిమిషం లోపే వివిధ కోణాల నుంచి వందలాది చిత్రాలు నమోదవుతాయి. కంప్యూటరు వాటిని క్రోడీకరించి, పంటిని, ఎముకను మూడు దిశలలోను పొరలు పొరలుగా చూపుతుంది. అరటికాయను చక్రాలుగా తరిగి ఒక్కొక్క చక్రాన్ని పరీక్షించినట్లు, పంటి వేరును కొసదాకా అడ్డంగా చూడవచ్చును. ఒక నీడ వెనుక మరొక నీడ దాగే అవకాశం ఇక్కడ ఉండదు. మొత్తం దవడలను గాక, సుమారు నాలుగైదు సెంటీమీటర్ల మేర గల చిన్న ప్రాంతాన్ని మాత్రమే చిత్రించే యంత్రాలు వేరు కాలువల పరిశీలనకు అనువైనవి. వీటిలో సూక్ష్మ చిత్రాంశం పరిమాణం ఒక మిల్లీమీటరులో పదవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది.

మన దేశానికి సంబంధించినంత వరకు ఈ విషయంలో చెన్నై దంత వైద్యుల కృషి పేర్కొనదగినది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో భారతీయులకు చెందిన 220 పై దవడ మొదటి దవడపళ్లను, 205 రెండవ దవడపళ్లను సీబీసీటీ ద్వారా పరిశీలించి, వేళ్లు, కాలువల రూపభేదాలను నమోదు చేశారు. అదే సంవత్సరం ఏడు కాలువలు గల పై దవడ మొదటి దవడపంటిని, 2011లో ఎనిమిది కాలువలు గల మరొక దవడపంటిని సీబీసీటీ సాయంతో గుర్తించి చికిత్స చేసిన వైనాన్ని చెన్నై వైద్యులు అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. మూడు కాలువలు ఉండవలెనని భావించే చోట ఎనిమిది ఉండటం అరుదైన విషయమే. అయినా అటువంటి పన్ను కూడ ఏదో ఒక నాడు ఏదో ఒక ఊరి వైద్యుని ముందుకు రాగలదని ఈ ఉదంతాలు తెలియజేస్తున్నవి.

ప్రాంతాన్ని బట్టి, జనసమూహాన్ని బట్టి కాలువల తీరు మారడం మరొక విశేషం. కింది దవడ రెండవ దవడపంటిలో కొందరికి కాలువలు విడివిడిగా గాక, ఆంగ్ల అక్షరం "సీ" ఆకారంలో ఒకే చీలికగా కలిసి ఉంటాయి. చైనా, కొరియాలలో జరిగిన పరిశీలనలలో ఇది 30 శాతానికి పైగా పళ్లలో కనిపించగా, 345 భారతీయ దంతాలపై జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో 7.5 శాతంగా నమోదైనది. విదేశీ గ్రంథాలలోని సగటు లెక్కలను యథాతథంగా మన రోగులకు అన్వయించరాదని దీనిని బట్టి స్పష్టమవుతున్నది. హైదరాబాదు, విజయవాడలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు మొదలుకొని తెలుగు రాష్ట్రాలలోని కళాశాలల విద్యార్థులు ఎటువంటి పళ్లు తమ ముందుకు రాగలవో ముందుగా ఎరిగి ఉండుటకు మన ప్రజల దంతాలపై జరిగే అధ్యయనాలే ఆధారం.

చిత్రం చూపలేనివి

సీబీసీటీకి కూడ పరిమితులు లేకపోలేదు. చిత్రాంశం పరిమాణం కన్న సన్నగా ఉన్న కాలువ, వయస్సుతో పాటు సున్నపు పదార్థం చేరి పూడుకుపోయిన కాలువ ఇందులో కనిపించకపోవచ్చు. పక్కన లోహపు తొడుగు ఉన్నా, కాలువలో ఇంతకు ముందు నింపిన గట్టాపెర్చా, లోహపు కడ్డీ ఉన్నా చిత్రంలో చారలు ఏర్పడి, లేని కాలువ ఉన్నట్లు గాని, ఉన్న కాలువ లేనట్లు గాని తోచవచ్చును. రోగి తల కదిలితే చిత్రం చెదురుతుంది.

అంతకన్న సూక్ష్మంగా చూడగలిగేది మైక్రో సీటీ. 1990 దశకం నుంచి ప్రయోగశాలలలో వినియోగిస్తున్న ఈ పద్ధతిలో మిల్లీమీటరులో కొన్ని వందల వంతుల వరకు వివరాలు తెలుస్తాయి. రెండు కాలువలను కలిపే సన్నని సందులు, వేరు పక్కకు చీలే ఉపకాలువలు, కొస వద్ద పాయలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఇందుకు ఎక్కువ సేపు, అధిక మోతాదులో కిరణాలు అవసరం గనుక దీనిని ఊడదీసిన పళ్లపై మాత్రమే వినియోగిస్తారు. సూది చేరలేని సందులు ప్రతి పంటిలోను ఉండగలవన్న సంగతిని ఈ పద్ధతి కళ్లకు కట్టింది. క్రిమిసంహారక ద్రవంతో బాగుగా కడగడానికి చికిత్సలో ఎందుకంత ప్రాధాన్యమో దీనివల్ల బోధపడుతుంది.

తప్పిపోయిన కాలువ, మిగిలిపోయిన వ్యాధి

కాలువ తప్పిపోవడం ఎంత తరచుగా జరుగుతున్నది, దాని పర్యవసానం ఏమిటి అన్న ప్రశ్నలకు కూడ చిత్రణయే సమాధానం ఇచ్చింది. అమెరికాలో అప్పటికే చికిత్స పొందిన 1,397 చిన్న, పెద్ద దవడపళ్ల సీబీసీటీ చిత్రాలను పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం సుమారు 23 శాతం పళ్లలో కనీసం ఒక కాలువకు చికిత్స జరగలేదు. పై దవడ మొదటి దవడపళ్లలో ఇది సుమారు 40 శాతంగా తేలింది. చికిత్స జరగని కాలువ ఉన్న పళ్లలో వేరు కొస వద్ద వ్యాధి ఉండే అవకాశం మిగతా వాటి కన్న 4.38 రెట్లు అధికంగా కనిపించింది.

ఈ అంకెలను జాగ్రత్తగా అర్థం చేసుకోవలసి ఉన్నది. స్కాన్ తీయించుకున్నవారిలో ఇబ్బందితో వచ్చినవారు ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది గనుక, చికిత్స పొందిన ప్రజలందరిలోను ఇదే శాతం ఉంటుందని భావించరాదు. తప్పిపోయిన కాలువకు, వ్యాధికి గల సంబంధాన్ని ఈ అధ్యయనం చూపుతున్నదే గాని, ప్రతి రోగి విషయంలోను అదే కారణమని చెప్పడం లేదు. అయినప్పటికీ, తిరగబెట్టిన నొప్పికి "పన్ను తీసివేయడం" ఒక్కటే మార్గమని నిర్ణయించే ముందు, కాలువ ఏదైనా మిగిలిపోయినదా అని పరిశీలించడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది. మిగిలిపోయిన కాలువను కనుగొని తిరిగి చికిత్స చేసినట్లయితే, తీసివేతకు సిద్ధమైన పన్ను కూడ నిలిచే అవకాశం ఉన్నది.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

త్రిపరిమాణ చిత్రం ఇంత వివరంగా ఉన్నప్పుడు ప్రతి రోగికీ తీయరాదా అన్న ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. తీయరాదన్నదే నిపుణుల సమాధానం. సాధారణ దంత ఎక్స్-రే ఒక్కదాని మోతాదు 10 మైక్రోసీవర్ట్‌ల లోపు. పళ్లు, దవడ ఎముక భాగానికి తీసే సీబీసీటీ మోతాదు యంత్రాన్ని బట్టి 11 నుంచి 674 మైక్రోసీవర్ట్‌ల వరకు ఉంటుందని, మధ్యస్థ విలువ 61 అని ఐరోపా కమిషన్ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ సంవత్సరానికి సగటున 2,400 మైక్రోసీవర్ట్‌ల రేడియేషన్ ఎలాగూ అందుతున్నదన్న సంగతిని దీనితో పోల్చి చూసినట్లయితే భయపడవలసిన పని లేదని స్పష్టమవుతుంది. అయితే అవసరం లేని మోతాదు ఎంత చిన్నదైనా అనవసరమే. ముఖ్యంగా పిల్లల శరీరం కిరణాలకు త్వరగా ప్రభావితమవుతుంది గనుక వారి విషయంలో మరింత విచక్షణ అవసరం.

అమెరికాలోని వేరు కాలువల చికిత్సా నిపుణుల సంఘం, దంత చిత్రణ నిపుణుల సంస్థ కలిసి 2015లో సవరించి ప్రకటించిన సంయుక్త వైఖరి ఈ విషయంలో మార్గదర్శకంగా ఉన్నది. దాని ప్రకారం రోగి చరిత్రను, నోటిని పరీక్షించిన తరువాత, హాని కన్న మేలు అధికమని తేలినప్పుడే సీబీసీటీని వినియోగించవలెను. లక్షణాలు ఏవీ లేనివారికి మామూలు పరీక్షగా దానిని తీయరాదు. అదనపు కాలువలు ఉండే అవకాశం, జటిలమైన నిర్మాణం అనుమానించిన పళ్లకు, సాధారణ చిత్రంతో విషయం తేలని సందర్భాలకు, తిరిగి చికిత్స చేయవలసిన పళ్లకు చిన్న ప్రాంతాన్ని చిత్రించే సీబీసీటీ ఉపయుక్తం. చికిత్స ముగిసిన వెంటనే తీసే చిత్రానికి సాధారణ ఎక్స్-రే సరిపోతుంది.

మన దేశంలో వైద్య ఎక్స్-రే యంత్రాల భద్రతను 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తున్నది. అణుశక్తి (రేడియేషన్ పరిరక్షణ) నియమావళి, 2004 ప్రకారం ఇటువంటి యంత్రాలను నెలకొల్పి నడపడానికి మండలి అనుమతి అవసరం. ఇందుకు దరఖాస్తులను "ఈ-లోరా" అనే ఆన్‌లైన్ విధానంలో స్వీకరిస్తున్నారు. రోగుల చికిత్సకు గాక, సాధారణ ప్రజలకు ఇటువంటి వనరుల నుంచి అందే మోతాదు సంవత్సరానికి ఒక మిల్లీసీవర్ట్‌ను మించరాదు. పక్క గదిలో కూర్చున్నవారి భద్రత కూడ ఈ నియమంలో ఇమిడి ఉన్నది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

యంత్రాన్ని కొనుగోలు చేయడంతోనే ప్రయోజనం సిద్ధించదు. దానికి మండలి ఆమోదం ఉన్నదా, గది నిర్మాణం నిబంధనల మేరకు ఉన్నదా, చిత్రించే ప్రాంతాన్ని ఒకటి రెండు పళ్లకు పరిమితం చేసే సౌకర్యం ఉన్నదా, చిత్రాన్ని ఆసాంతం చదివి నివేదిక ఇవ్వగల శిక్షితులు ఉన్నారా అన్న విషయాలను కొనుగోలుకు ముందే నిర్ధారించుకోవలసి ఉంటుంది. ప్రతి చిన్న ఆసుపత్రికీ సీబీసీటీ అవసరం లేదు. కోణం మార్చి రెండవ ఎక్స్-రే తీసే అలవాటు, అనుమానం తీరని పళ్లను సౌకర్యం ఉన్న కేంద్రానికి పంపే ఏర్పాటు, ఒకచోట తీసిన చిత్రం ప్రతిని రోగికి అందజేసి మరొక చోట తిరిగి తీయవలసిన అవసరం లేకుండా చూడటం ఉన్నట్లయితే గ్రామీణ రోగికి కూడ ఈ విజ్ఞానం ఫలితం అందుతుంది.

వార్తలు రాసేవారు రెండు అతిశయోక్తుల పట్ల జాగ్రత్త వహించడం మంచిది. త్రిపరిమాణ స్కాన్ లేకుండా చేసిన చికిత్స పనికిరాదనడం ఒకటి. పంటి స్కాన్ వల్ల తప్పక హాని కలుగుతుందనడం రెండవది. ఈ రెండింటిలో ఏదీ వాస్తవం కాదు. సాధారణ ఎక్స్-రే సాయంతో, శ్రద్ధగా చేసిన చికిత్సలతో ఎన్నో పళ్లు దశాబ్దాల పాటు నిలిచి ఉన్నవి. ఒక అధ్యయనంలోని శాతాన్ని ఉటంకించేటప్పుడు అది ఊడదీసిన పళ్లపై జరిగినదా, రోగులపై జరిగినదా, ఏ దేశంలో జరిగినది అన్న వివరాలను కూడ తెలిపినట్లయితే పాఠకులకు సరియైన అవగాహన కలుగుతుంది.

రోగులు తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోదగిన ప్రశ్నలు కూడ కొన్ని ఉన్నవి. ఈ పంటిలో ఎన్ని కాలువలు కనిపించినవి? ఎన్నింటికి చికిత్స జరిగినది? స్కాన్ అవసరమని చెప్పినట్లయితే, సాధారణ ఎక్స్-రేలో తేలని ఏ విషయాన్ని తెలుసుకోవడానికి? గర్భవతులు ఆ విషయాన్ని ముందుగానే తెలియజేయవలెను. పాత ఎక్స్-రేలను, చికిత్స వివరాలను పారవేయక భద్రపరచుకోవలెను. ఆరేళ్ల బిడ్డకు వెనుక వచ్చిన కొత్త పన్ను పాలపన్ను కాదని గుర్తించి, పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడే చూపించినట్లయితే ఆ పంటికి వేరు కాలువల చికిత్సతో గాని, స్కాన్‌తో గాని చాలావరకు పని ఉండదు.